సాంతెమిలియోలో తాతయ్య ఫొటో

సెయింట్ ఎమిలియన్, ఫ్రాన్స్
19 సెప్టెంబరు 2024

పెద్దమ్మా,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే రాజీవ్ అన్నయ్య తన ఫోన్లో చదివి నీకు చూపిస్తాడు. ఈ సంగతి మధ్యలో ఇంకొకళ్ళు చదవడం నాకు ఇష్టం లేదు. అందుకే హోటల్ వాళ్ళనడిగి కాగితాలు తెచ్చుకుని రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా లేకపోతే ఏమీ అనుకోకు.

మా పెళ్ళయి ఇరవై ఏళ్ళయిందని శ్రీధర్ ఈ ట్రిప్ బుక్ చేశాడని నీకు తెలుసుగా. నిన్న పొద్దున బోర్డో నుంచి కారు తీసుకుని ఇక్కడికి వచ్చాం. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ నాటి ఊరు. అన్నీ తేనెరంగు రాతి గోడలే. వీధులు ఎంత ఏటవాలుగా ఉన్నాయంటే దిగేటప్పుడు పట్టుకోడానికి మధ్యలో ఇనుప కమ్మీ పెట్టారు. కొండని లోపలికి తొలిచి చర్చి కట్టారు. ఊరి గోడ దాటగానే కనుచూపు మేర ద్రాక్షతోటలు. ఇప్పుడు కోతలు, గాలంతా పులిసిన వాసన. "మన కాలిఫోర్నియాలో నాపా కోట చూసి మురిసిపోయాం, అది మన ఇంటికంటే చిన్నది వయసులో" అని శ్రీధర్ నవ్వుతూనే ఉన్నాడు. నేనూ నవ్వాను. పదకొండు గంటల దాకా నేను మామూలుగానే ఉన్నాను పెద్దమ్మా.

పదకొండింటికి రాతిలో తొలిచిన ఒక వైన్ సెల్లార్ చూడ్డానికి వెళ్ళాం. మెట్లు దిగుతుంటే చలి. చూపించే ఆవిడకి అరవై దగ్గరుంటాయి. చామనఛాయ, నెరిసిన జుట్టు ముడి. స్పెయిన్ వాళ్ళేమో అనుకున్నాను. అంతా చూపించాక గ్లాసుల్లో పోస్తూ ఇంగ్లీషులో అడిగింది, "ఇండియాలో ఎక్కడ?" అని. "సౌత్. మాది తెలుగు. మీకు తెలియదులెండి" అన్నాను.

ఆవిడ సీసా బల్ల మీద పెట్టేసింది. నా మొహంలోకి చూసి, నెమ్మదిగా, గుర్తు తెచ్చుకుంటున్నట్టు, "దా. కూకో. తిన్నావా?" అంది.

కూర్చో అనలేదు పెద్దమ్మా. కూకో అంది. అచ్చం అమ్మమ్మలా.

"ఎవరు నేర్పారు?" అన్నాను. "పాపా" అంది, అంటే నాన్న. సెల్లార్ వెనక చిన్న ఆఫీసు గది ఉంది. అక్కడికి తీసుకెళ్ళి గోడ మీద ఫొటో చూపించింది. మిలిటరీ బట్టలు, కుర్చీ వీపు మీద ఎడమ చేయి, వెనక తెర మీద గీసిన ఓడ. శాన్ రామన్‌లో మా దేవుడి గదిలో ఉన్న తాతయ్య ఫొటోనే. అమ్మ రోజూ పువ్వు పెట్టే ఫొటో. శ్రీధర్ నా భుజం పట్టుకున్నాడు, తనకీ అర్థమైపోయింది.

"మా నాన్న యానాం నుంచి వచ్చిన సైనికుడు. పేరు సత్యలింగం. అక్కడ ఆయనకి భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఉండేవారు. ఒకే వారంలో ముగ్గురూ కలరాతో పోయారు. ఆ కబురొచ్చిన రెండేళ్ళకి నేను పుట్టాను. ఆ పిల్లలిద్దరి పేర్లూ నాకు పెట్టాడు" అని చెప్పింది. ఆవిడ పేరు ఎలెన్ దుర్గా పద్మ. నీ పేరూ, అమ్మ పేరూ.

"మా వాళ్ళదీ ఆ వైపే" అని మాత్రం అని, ఫోన్ నంబరు తీసుకుని బయటికొచ్చాను. గోడ పక్కన నిలబడి ఏడ్చేశాను. దారిన పోయేవాళ్ళు వైన్ ఎక్కువైందనుకుని ఉంటారు.

తాతయ్య 1954లో వియత్నాం యుద్ధంలో పోయాడని కదా మనింట్లో చెప్పారు? ఈ తాతయ్య 1996లో పోయాడట. నువ్వు బతికున్నావు. అమ్మ బతికుంది, ఇప్పుడు మా ఇంట్లో ప్రణవికి బాక్సు కడుతూ ఉంటుంది. అమ్మమ్మ 1989 దాకా బతికింది. మరి కలరా ఎవరికొచ్చింది? ఆ కబురు ఎవరు పంపారు?

అమ్మకి ఏమని చెప్పను? వెంటనే రాయి.

నీ శశి

*

పార్సిప్పనీ
2 అక్టోబరు 2024

చి. శశికళకి,

నీ ఉత్తరం అందింది. ముందు స్థిమితపడు. ప్రయాణాల్లో ఒళ్ళు అలిసినప్పుడు మనసు లేనిపోనివి కలుపుతుంది.

నువ్వు రాసినట్టు సెయింట్ ఎమిలియన్ కాదే, సాంతెమిలియో. పాతికేళ్ళు న్యూజెర్సీ పిల్లలకి ఫ్రెంచి చెప్పిన దాన్ని, ఆ మాత్రం దిద్దకపోతే చేయి ఊరుకోదు.

యానాం, పుదుచ్చేరిల నుంచి ఫ్రెంచి సైన్యంలో చేరిన వాళ్ళు చాలామంది. సత్యలింగం అన్నది మా వైపు ఇంటికొకరికి ఉండే పేరు. ఆ రోజుల్లో స్టూడియోకి ఒకే తెర, ఒకే కుర్చీ. ఎవరు నించున్నా అలాగే కనపడతారు. దుర్గ, పద్మ అన్నవి లోకంలో లేని పేర్లా? ఎక్కడో ఫ్రాన్స్‌లో పీపాలు చేసుకుని బతికిన ముసలాయన మీ తాత ఎలా అవుతాడు?

పద్మతో ఈ మాట ఎత్తకు. దానికి బి.పి. ఉంది. నాన్న ఫొటో చూసుకుని డెబ్భై ఏళ్ళు నిబ్బరంగా బతికింది. ఇప్పుడు ఎవరో పరాయి మనిషి చెప్పిన కథతో ఆ నిబ్బరం పోగొట్టకు. ఆవిడ నంబరు తీసెయ్యి.

శ్రీధర్‌కీ ప్రణవికీ ఆశీస్సులు.

కనకదుర్గ పెద్దమ్మ

*

శాన్ రామన్
9 అక్టోబరు 2024

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి ఒక మాట దగ్గర ఆగిపోయాను.

పీపాలు అని నేను రాయలేదు. పంపే ముందు శ్రీధర్ నా ఉత్తరాన్ని ఫొటో తీశాడు, మళ్ళీ తీసి చూశాను. అందులో పీపా అన్న మాటే లేదు. ఆయన ఏం పని చేసేవాడో నాకూ తెలియదు, నేను అడగనేలేదు. నిన్న ఎలెన్‌కి ఫోన్ చేసి అడిగాను. సైన్యం వదిలేశాక చనిపోయేదాకా ఓక్ చెక్కతో వైన్ పీపాలు చేశాడట.

నీకెలా తెలుసు?

నేను ఎవరి కూతుర్నో ఎలెన్‌కి ఇంకా చెప్పలేదు. యానాం వాళ్ళ సంగతులు పోగుచేస్తున్నానని చెప్పి, తాతయ్య కాగితాలేమన్నా ఉంటే కాపీలు పంపమని మా ఇంటి అడ్రస్ ఇచ్చాను. అమ్మకి కూడా ఏమీ చెప్పలేదు. కానీ రోజూ పొద్దున ఆవిడ ఆ ఫొటో తుడుస్తుంటే నేను ఆ గది ముందు నుంచి వెళ్ళలేకపోతున్నాను. "ఊరెళ్ళొచ్చిన దగ్గర్నుంచి నీకేమైందే, శ్రీధర్‌తో గొడవా?" అని నిన్న అడిగింది. జెట్ లాగ్ అన్నాను. రెండు వారాల పైన జెట్ లాగ్!

నాకు సర్దిచెప్పకు పెద్దమ్మా. ఏం జరిగిందో రాయి.

శశి

*

పార్సిప్పనీ
20 అక్టోబరు 2024

శశీ,

పట్టుబడ్డాను. వారం రోజుల్లో ఐదు ఉత్తరాలు రాసి చింపాను. ఇది చింపకుండా పోస్టులో వేస్తాను.

ఆయన మా నాన్నే.

1954 మే నెలలో వియత్నాంలో ఫ్రెంచి వాళ్ళు ఓడిపోయినప్పుడు నాన్న తప్పిపోయాడని కబురొచ్చింది. నెల తిరక్కుండా ఫ్రెంచి వాళ్ళు యానాం వదిలి వెళ్ళిపోయారు. మళ్ళీ అడగడానికి ఆఫీసు లేదు, దొర లేడు. ఏడాది చూసి పెద్దవాళ్ళు మా అమ్మ గాజులు పగలగొట్టారు. అప్పుడు దానికి ఇరవై మూడేళ్ళు. నాకు ఏడు. నన్ను పక్కింటికి పంపించారు కానీ గోడవతల నుంచి ఆ చప్పుడు విన్నాను.

1963లో నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాకు పదిహేను, పద్మకి పదకొండు. నాన్నకి తెలుగు రాయడం రాదు, సైన్యంలో ఫ్రెంచి నేర్చుకున్నాడు. అమ్మకి ఏదీ రాదు. స్కూల్లో ఫ్రెంచి చదువుకునే దాన్ని నేనే. బియ్యం ఏరుతున్న అమ్మ పక్కన కూర్చుని చదివి చెప్పాను. శత్రువుల చేతికి చిక్కాడట. విడిచిపెట్టేటప్పటికి మనిషి ఎముకల గూడట. బోర్డో ఆసుపత్రిలో ఏడాది ఉన్నాడట. ఆ తరవాత సిగ్గుతో రాయలేదట. ఒక పీపాల మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు. ఆయన కూతుర్ని చేసుకున్నాడు. ఇప్పుడు యానాం వాళ్ళు ఫ్రాన్స్ పౌరసత్వం కోరుకోవచ్చని కొత్త కాగితాలు వచ్చాయి కాబట్టి పిల్లలిద్దర్నీ పంపించు, చదివిస్తాను, నువ్వు కూడా రాదలిస్తే రా అని రాశాడు.

అమ్మ చేట పక్కన పెట్టింది. తరవాత అంది, "నన్ను ముండమోపిని చేసి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు బొట్టెట్టుకుని ఈ ఊళ్ళో తిరగమంటాడా? మొగుడు బతికున్నాడు, ఇంకోదాన్ని కట్టుకున్నాడు అని అందరికీ చెప్పుకోమంటాడా? నా పిల్లల్ని కూడా దానికిమ్మంటాడా?"

నేను ఏడుస్తూ, "ఏమని రాయనే?" అన్నాను.

"సచ్చిపోయామని రాయి. ముగ్గురం. కలరా అని రాయి. కింద మీ చిన్నాన్న పేరు పెట్టు."

రాశాను. తప్పుల్లేకుండా రాశాను. నా చావు నా చేత్తో, పదిహేనేళ్ళప్పుడు, మంచి ఫ్రెంచిలో రాసుకున్నాను. పద్మకి చెబితే తన మీద ఒట్టేనంది అమ్మ. ఆయన ఉత్తరం పొయ్యిలో పెట్టింది. ఆ ఏడు కూడా, తిథి తెలియనివాళ్ళకి పెట్టినట్టే, మాఘమాసంలో చిన్నాన్న చేత తద్దినం పెట్టించింది.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికే ఐదు కాగితాలు చింపాను.

1993లో స్కూలు పిల్లల్ని తీసుకుని బోర్డో వెళ్ళాను. నాలుగేళ్ళ క్రితమే అమ్మ పోయింది. ఒక మధ్యాహ్నం పిల్లల్ని మరో టీచర్‌కి అప్పగించి సాంతెమిలియో బస్సెక్కాను. ఉత్తరంలో ఊరి పేరు నేను మర్చిపోలేదు. ఒక ఏటవాలు వీధిలో, కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఆయన పీపా చెక్క చిత్రిక పడుతున్నాడు. నల్లటి ముసలాయన, ఊరంతటికీ ఒక్కడే. ప్యాంటూ కోటూ వేసుకున్న నలభై ఐదేళ్ళ దాన్ని, నేనెవరో ఆయనకెలా తెలుస్తుంది? తలెత్తి, "బోఁజూర్ మదామ్, ఎక్కడి నుంచి?" అన్నాడు. "అమెరికా" అన్నాను. "ఎండగా ఉంది, కూర్చోండి" అన్నాడు.

కూర్చోలేదు. బస్సు టైమైందని చెప్పి వచ్చేశాను.

చనిపోయిన కూతుర్ని ఎదురుగా నిలబెడితే ఆ వయసులో ఆయన గుండె ఆగిపోతుందనుకున్నాను. అలా అనుకున్నానని ముప్పై ఏళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. నిజానికి భయపడ్డాను. "రాసింది ఎవరు?" అని ఆయన అడుగుతాడని.

థ్యాంక్స్‌గివింగ్‌కి రాజీవ్‌తో నవంబరు చివర్లో మీ ఇంటికి వస్తాను. పద్మకి నేనే చెబుతాను. అప్పటిదాకా ఆగు, నీకు దణ్ణం పెడతాను.

పెద్దమ్మ

*

శాన్ రామన్
4 నవంబరు 2024

పెద్దమ్మా,

థ్యాంక్స్‌గివింగ్ దాకా ఆగడం కుదరలేదు.

శనివారం నేనూ శ్రీధర్ కాస్ట్‌కోకి వెళ్ళాం. ఎలెన్ పంపిన కవరు అప్పుడే వచ్చింది. ఫ్రాన్స్ స్టాంపు చూసి, హోటల్ వాళ్ళేదో పంపారనుకుని అమ్మ ప్రణవి చేతికిచ్చింది. "స్కూల్లో ఫ్రెంచి చదువుతున్నావుగా, చదివి చెప్పు" అంది. తెలుసుగా, మనవరాలి చదువు వినడం అమ్మకి సరదా.

మేం సామాన్లతో లోపలికి వచ్చేటప్పటికి ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్నారు. ప్రణవి నవ్వుతోంది. "మమ్మీ, ఇట్స్ సో వియర్డ్! అమ్మమ్మ చచ్చిపోయింది అని ఉంది ఇందులో. లైక్, కలరాతో. పద్మ, పదకొండు ఇయర్స్. ఎవరో ఓల్డ్ టైమ్స్‌లో రాసారు" అంది.

అమ్మ నవ్వడం లేదు. ఆ కాగితం మీద ఒక చోట వేలు పెట్టి, "ఇది అక్క రాత" అంది. "డి అక్షరానికి ఆ తోక అక్కే పెడుతుంది. నా పుస్తకాల మీద పేరు అక్కే రాసేది."

పెద్దమ్మా, తాతయ్య నీ ఉత్తరాన్ని ముప్పై మూడేళ్ళు దాచుకున్నాడు. మడతల దగ్గర చిరిగితే వెనక కాగితం అంటించాడట. కాపీలో కూడా కనపడుతోంది.

ఇక నేను దాచలేకపోయాను. ప్రణవిని పైకి పంపించి అంతా చెప్పాను. నమ్మలేదు. "అక్క అలా చెయ్యదు" అంది. రెండుసార్లు అంది. అప్పుడు నీ అక్టోబరు ఉత్తరం తెచ్చి చేతికిచ్చాను. తప్పో ఒప్పో తెలియదు, అప్పుడు ఇంకేమీ తోచలేదు.

నిలబడే చదివింది. చివరి పేజీ దగ్గర, నువ్వు ఆయన్ని చూశావని రాసిన చోట, కుర్చీ వెతుక్కుంది. "చూసిందా?" అంది. "ఎదురుగా నిలబడి చూసిందా?"

బి.పి. చూస్తున్నాను, పర్వాలేదు. వండుతోంది, మాకు పెడుతోంది, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటోంది. ఇవాళ పొద్దున కాగితాలూ పెన్నూ అడిగింది. నీకే రాస్తోందనుకుంటాను. ఏం రాసినా చదువు. నీ మీద నాకూ కోపంగానే ఉంది. కానీ చేట పక్కన కూర్చుని ఏడుస్తూ రాస్తున్న ఆ పదిహేనేళ్ళ పిల్ల కళ్ళముందు నుంచి పోవడం లేదు.

శశి

*

శాన్ రామన్
7 నవంబరు 2024

అక్కా,

క్షేమ సమాచారాలు రాయబుద్ధి కావడం లేదు.

ఫొటోకి దండ తీసేశాను. మనిషి పోయాడని కదా దండ వేశాం, ఆయన బతికుండగా నలభై ఏళ్ళు వేశాం. తీశాక గుర్తొచ్చింది, ఇప్పుడు నిజంగానే లేడు కదా అని. మళ్ళీ వేశాను. మళ్ళీ తీశాను. శశి చూస్తే పిచ్చెక్కిందనుకుంటుందని తలుపు వేసుకున్నాను.

బతికున్న మనిషికి మనం పిండాలు పెట్టాం. ఆయన అక్కడ బతికున్న మనకోసం ఏడ్చాడు.

అమ్మ మీద కోపం రావడం లేదు. ముప్పై ఒక్కేళ్ళ మనిషి, మనల్ని కూడా పోగొట్టుకుంటానని భయపడింది. నువ్వు రాసినందుకు కూడా కోపం లేదు. అమ్మ రాయమంటే నేనైనా రాసేదాన్ని. నా కోపం నువ్వు తిరిగెక్కిన ఆ బస్సు దగ్గర. నాన్నని నేను ఎప్పుడూ చూడలేదే. నాకు ఏడాది నిండకుండానే వెళ్ళిపోయాడు. పరీక్షలకి వెళ్ళే ముందు ఆ ఫొటోకే దణ్ణం పెట్టుకున్నాను. పెళ్ళిలో పీటల మీద కూర్చునే ముందు పెట్టుకున్నాను. నువ్వు మనిషిని చూశావు. గొంతు విన్నావు. కూర్చోమన్నాడు. నువ్వు తిరిగొచ్చి నాకు ఆ స్కూలు పిల్లలు బస్సులో చేసిన అల్లరి చెప్పావు. నాకు గుర్తుంది, అమెరికా నుంచి ఫోన్ చేసి నవ్వుతూ చెప్పావు. అప్పుడు నేను కాకినాడలో ఉన్నాను. ఒక్క మాట చెప్పుంటే ఆయనకి ఇంకా మూడేళ్ళు ఉన్నాయి. ఈ మాటకి జవాబు రాయకు.

నిన్న శశిని పిలిచి ఆ ఎలెన్‌కి ఫోన్ చెయ్యమన్నాను. శశి వీడియోలో కలిపింది. నేను కెమెరా ముందుకి రాలేదు, పక్కన నిలబడి చూశాను. నవ్వితే ఆ ఎలెన్ మొహం నీ మొహమే. నీకు అరవై ఏళ్ళప్పటి మొహం. మన పేర్లు మోస్తూ అంత వయసు వచ్చింది దానికి. చనిపోయిన ఇద్దరు చిన్నపిల్లల పేర్లనుకుంటోంది. ప్రతి నవంబరులో చనిపోయినవాళ్ళ రోజున చర్చిలో మనకి కొవ్వొత్తులు వెలిగిస్తుందట, వాళ్ళ నాన్న నేర్పాడట. మొన్న కూడా వెలిగించానని శశికి చెప్పింది. రెండు. ఒకటి పొడుగుది నీకు, ఒకటి పొట్టిది నాకు.

ఇక వెలిగించక్కర్లేదు.

నేను వెళ్తున్నాను అక్కా. శశి డిసెంబరు పన్నెండుకి టికెట్లు బుక్ చేసింది. మూడు. నాది, దానిది, నీది. థ్యాంక్స్‌గివింగ్‌కి నువ్వు ఇక్కడికి రావద్దు. మన ఇద్దరం ఈ ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే నేను ఏమంటానో నాకే తెలియదు. తిన్నగా బోర్డో ఎయిర్‌పోర్ట్‌కి రా. అక్కడ కూడా నీతో సరిగ్గా మాట్లాడతానని మాట ఇవ్వలేను. విమానం దిగి నా పక్కన నడువు, అంతే.

నాకు ఫ్రెంచి రాదు. శశి ఇంగ్లీషులో చెబుతానంది, ప్రణవి తన ఫ్రెంచిలో రాసిస్తానంది. వద్దన్నాను. మనం చచ్చిపోయామని ఫ్రెంచిలో రాసింది నువ్వు. బతికే ఉన్నామని ఎలెన్ ఎదురుగా నిలబడి ఫ్రెంచిలో నువ్వే చెప్పాలి.

పద్మ